మిస్ హార్‌బీ రెండో సంపుటం

మా అమరేశ్వరరావు సార్‌కు మనుషుల మాట మీద నమ్మకం లేదు. అచ్చయిన మాట మీదే నమ్మకం. బయట వాన పడుతోంది సార్ అని చెబితే కిటికీ వైపు చూడరు, ఏ పుస్తకంలో అన్నట్టు మన మొహం వైపు చూస్తారు. డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యారు. రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గుంటూరు వైపు నుంచి వాళ్ల నాన్న సెక్రటేరియట్ ఉద్యోగానికి వచ్చారట. అప్పట్నుంచీ ఆబిడ్స్‌లోనే, చిరాగ్ అలీ లేన్‌లోనే వాళ్ల కాపురం. ఇన్నేళ్లున్నా సార్‌కు ఈ ఊరి మాట ఒక్కటీ అంటలేదు. దాన్ని ఆయన తన క్రమశిక్షణగా చెప్పుకుంటారు.

ఆయన నడిపే ఆన్‌లైన్ ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు పేరు 'శబ్దప్రమాణం'. అక్కడ చట్టం ఒకటే. ఏ మాటకు ఏ అర్థం రాసినా, ఆ మాటను ఆ అర్థంలో వాడిన ఇంగ్లిష్ వాక్యం ఒకటి అచ్చు పుస్తకంలోంచి చూపించాలి, పేజీ నంబరుతో సహా. దాన్ని ఆధారం అంటారు. ఆధారం లేని అర్థం చెల్లదు. నాలాంటి వాళ్లం కొందరం తీరిక వేళల్లో ఊరికే పని చేసిపెడతాం. నేను నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఒక స్పోకెన్ ఇంగ్లిష్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతాను. పొద్దుటి బ్యాచ్‌కూ సాయంత్రం బ్యాచ్‌కూ మధ్య స్టాఫ్ రూమ్‌లో కూచుని, ఎవరు ఏ అర్థం పెట్టారు, పేజీ నంబరు వేశారా లేదా అని చూడటం నా వంతు. 'ఆమోదం' అనే పచ్చ బటన్ మాత్రం సార్ కంప్యూటర్‌లోనే ఉంటుంది. దాన్ని ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఆ నిఘంటువంతా మిస్ హార్‌బీయే. ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో సార్‌కు అట్టలు ఊడిన ఒక పుస్తకాల కట్ట దొరికింది. పైన 'మిస్ హార్‌బీ' అనీ, రాసినది ఒక గౌరవనీయ వనిత అనీ ఉంది. విక్టోరియా రాణి కాలపు నవల. పురికొసతో కట్టి ఉన్న ఆ కట్టను కట్టగానే తెచ్చి, నాంపల్లిలో ఒక బైండరుకిచ్చారు. బైండరు బంగారు అక్షరాలతో ఎర్ర రెగ్జిన్ అట్ట వేశాడు. అంచులు సమంగా రావాలని పై భాగం బాగా లోపలికి కోసేశాడు. ప్రతి పేజీ నెత్తినా ఉండే పుస్తకం పేరు ఆ కోతలో పోయింది. పుస్తకం సగంలో, పేరున్న పేజీ ఏదీ లేకుండానే, పేజీ నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యాయి. అది రెండో సంపుటం అని సార్ తేల్చారు. ఆ కాలపు నవలలు సంపుటాలుగా వచ్చేవి మరి.

తర్వాత రత్నాకర్ దాన్ని స్కాన్ చేయించాడు. రత్నాకర్ నాంపల్లిలో డీటీపీ షాపు నడుపుతాడు, మా నిఘంటువు సంఘానికి కార్యదర్శి. ఇక సార్ పని సుఖం. మాట టైపు చేస్తారు, కంప్యూటరు ఆ మాట ఉన్న ఒక్క వాక్యాన్ని పట్టుకొచ్చి ముందు పెడుతుంది. దాన్ని కోసి అతికిస్తారు. కిందికీ పైకీ చూడరు. అలా వెన్నకూ గొడుగుకూ గుమ్మానికీ మిస్ హార్‌బీయే దిక్కయింది. మా స్టూడెంటు బిచ్చయ్య ఆటో నడుపుతాడు. 'వెయిట్' అన్న మాట చూసుకొచ్చి నన్నడిగాడు.

"మేడమ్, గీ హార్‌బీ మేడమ్ ఎవరు? బండోడు గుమ్మం ముంగట పొద్దంత నిలబడ్డడని రాసిన్రు. వెయిటింగ్ చార్జ్ ఇచ్చిందా, లేదా?"

"అది రాయలేదు బిచ్చయ్యా."

"గదే రాయాలె మేడమ్ ముందుగాల."

మొదటి సంపుటంలో మిస్ హార్‌బీ బాగానే ఉండేది. ఉత్తరాలు రాసేది, కిటికీలోంచి చూసేది, నిట్టూర్చేది. రెండో సంపుటానికి వచ్చేసరికి ఆమెకేదో అయింది. 'తవుడు' అన్న అర్థం కింద ఉన్న ఇంగ్లిష్ వాక్యాన్ని తెలుగులో చెబితే, ఆమెకు గోరువెచ్చని తవుడు జావ పట్టించి గాలి తగలని చోట ఉంచవలెను అని ఉంది. దాని కింద సార్ వ్యాఖ్య, ఆనాటి కులీన స్త్రీల మితాహారానికి ఇది నిదర్శనమని. 'కంబళి' కింద, ఆమె వీపున కంబళి కప్పి చెమట ఆరేదాకా మెల్లగా అటూ ఇటూ నడిపించవలెనని ఉంది. సార్ వ్యాఖ్య: సుకుమారత. 'చెవి' కింద, ఆమె చెవులు వెనక్కి వాల్చినచో వెంటనే దూరంగా జరగవలెనని ఉంది. సార్ దాన్ని రచయిత్రి సూక్ష్మ పరిశీలన అన్నారు. నేను ఇవన్నీ పేజీ నంబరు చూసి పంపించేసిన దాన్నే. పెద్దింటి ఆడవాళ్ల సంగతి మనకేం తెలుసు అనుకున్నాను.

ఒకరోజు 'పక్కటెముక' అనే మాటకు సార్ పేజీ నంబరు వేయడం మరచిపోయారు. నంబరు కోసం నేను స్కాన్ తెరిచి మొదటిసారి పేజీ మొత్తం చూశాను. పక్క పేజీలో బొమ్మ ఉంది. నాలుగు కాళ్లతో, జూలుతో, ఒక్కో ఎముకకు ఒక్కో అంకె వేసి, నిండు గుర్రం. వెనక్కి తిప్పి చూశాను. రెండో సంపుటం మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా గుర్రాల వైద్యం. ఈనబోయే ఆడగుర్రానికి చేసే ఉపచారాలు, కడుపునొప్పి, గిట్టల జబ్బులు. ఫుట్‌పాత్ మీద ఎవరో ఒకే పురికొసతో కట్టిన రెండు పుస్తకాలను మావాళ్లు ఒక్క అట్టలో పెట్టి పెళ్లి చేశారు. ఖాళీ స్టాఫ్ రూమ్‌లో పిచ్చిదానిలా నవ్వాను. అటెండరు వచ్చి మంచినీళ్లు ఇచ్చి పోయాడు.

సాయంత్రం బజార్‌ఘాట్‌లో మా కిరాయింటికి పోయి అమ్మకు చెప్పాను. మా అమ్మ శంకరమ్మ నల్లగొండ వైపు పొలాల్లో కూలి చేసి, ఈ ఊరొచ్చి ఇటుకలు మోసి నన్ను ఇంగ్లిష్ ఎమ్మే చదివించింది. చింతపండు గింజలు తీస్తూ వింది.

"తవుడు జావనా? మనిషికా?" అని ఆమే ముందు నవ్వింది. చీరకొంగుతో కళ్లు తుడుచుకుని, వెంటనే చేయి ఆపింది. "ఇగ నవ్వకు బిడ్డా. పెద్దమనిషి. నలుగురిల అంటే ఇజ్జత్ పోతది. ఒక్కడున్నప్పుడు ఇంటికి పొయ్యి, జర ఇగురంగ చెప్పు."

ఇగురంగా చెప్పడమంటే మా ఇంట్లో ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. నిజం దాచకూడదు, ఎదుటి మనిషి తల దించుకునేలా అనకూడదు. అన్నం పెట్టే ఇంట్లో కూర బాగాలేదని చెప్పాల్సి వస్తే ఎలా చెబుతామో అలా. ఆ రాత్రి కాస్త సరదాగా నిఘంటువులో 'టాక్ట్' అన్న మాట తీసి చూశాను. లౌక్యం, యుక్తి, వ్యవహారదక్షత అని ఉన్నాయి. అవన్నీ పని జరిపించుకునే వాళ్ల మాటలు. అమ్మ మాటలో ఉన్న దయ వాటిలో ఒక్కదానిలోనూ లేదు. కొత్త అర్థంగా 'ఇగురం' అని చేర్చి, ఆధారం దగ్గర 'మా అమ్మ' అని రాయలేక ఖాళీగా వదిలేసి పంపాను.

పొద్దునకల్లా జవాబొచ్చింది. 'ఆధారం లేదు. గ్రామ్యం. తిరస్కరించడమైనది.'

అమ్మకు చదివి వినిపించాను. వినిపించకుండా ఉండాల్సింది.

"ఆధారం లేకపోవుడేంది? నేనున్న గదా!" అంది అమ్మ. "పుట్టినకాడికెల్లి అంటున్న. మా అమ్మ అన్నది. గాయనకు నేను కనపడ్తలేనా?"

ఆమె నవ్వుతూనే అంది గాని నాకు కోపమొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. అయినా అమ్మ చెప్పింది కదా, గుర్రం సంగతి ఇగురంగా చెప్పివద్దామని చిరాగ్ అలీ లేన్‌కు బయలుదేరాను. ముందు మా అమ్మ మాట అడుగుదాం, తర్వాత గుర్రం అనుకున్నాను.

సార్ ఒక్కరే ఉన్నారు. ఎర్ర రెగ్జిన్ పుస్తకం అద్దాల బీరువాలో, వెంకటేశ్వరస్వామి పటం పక్కన ఉంది.

"ఇగురమా?" అన్నారు సార్, నన్ను కూచోమనకుండానే. "మా వైపు ఇగురంటే కూరమ్మా. రొయ్యల ఇగురు." తన మాటకు తనే నవ్వుకున్నారు.

"మా దిక్కు అందరూ అంటారు సార్."

"అందరూ అంటే ఎవరు? పేరు చెప్పు, పుస్తకం చెప్పు."

"మా అమ్మ అంటుంది సార్."

"మీ అమ్మగారు ఏమైనా రాశారా?"

"చదువు రాదు సార్ అమ్మకు."

"మరి?" అన్నారు.

ఆ ఒక్క 'మరి' నాకు చెంపమీద కొట్టినట్టు తగిలింది. "చూడమ్మాయ్, నేను నిన్ను కించపరచడం లేదు. ఆధారం తెచ్చిన రోజు, పేజీ నంబరుతో తెచ్చిన రోజు, కళ్లకద్దుకుని ఆమోదిస్తాను. నా నిఘంటువులో ప్రతి వాక్యం నేను స్వయంగా చూసి పెట్టిందే" అని బీరువా వైపు గర్వంగా చూశారు. గుర్రం నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, వస్తాను సార్ అని మెట్లు దిగాను. నడిచీ నడిచీ నాంపల్లి స్టేషన్ దాకా వచ్చేసరికి నా మనసులో ఇగురం ఇసుమంత కూడా మిగల్లేదు.

అదే వారం రత్నాకర్ ఫోన్ చేశాడు. "చంద్రిక గారూ, గురువుగారికి సన్మానం పెడుతున్నం. అభినందన సంచిక వేస్తున్న. అన్నీ తెలుగు వ్యాసాలే వచ్చినయ్. ఇంగ్లిష్‌ల ఒక్కటుంటే సంచికకు బరువొస్తది. మీరు జర రాసియ్యాలె."

అభినందన సంచిక గురించి తెలియని తెలుగువాళ్లుండరు. దాంట్లో రాసినవాళ్లు తమ వ్యాసం చూసుకుంటారు, ఫొటో ఉన్నవాళ్లు తమ ఫొటో చూసుకుంటారు. శాలువాతో పాటు ఇంటికి పోయాక బీరువా మీదికి ఎక్కుతుంది. దాన్ని చదివారన్న అపవాదు ఇంతవరకూ ఎవరి మీదా పడలేదు. అయినా అది అచ్చు పుస్తకం. దానికి పేజీ నంబర్లుంటాయి.

రాసిస్తానన్నాను. మొదటి రెండు పేరాల్లో సార్‌ను ఆకాశానికెత్తాను. చివరి రెండింట్లోనూ ఎత్తాను. నడుమ ఒక్క వాక్యం పెట్టాను. దాన్ని తెలుగులో చెబితే ఇది: 'మా సంపాదకులు ఇన్నేళ్లుగా ఇన్ని మాటల కింద ఉదాహరించిన ఆ కులీన వనిత నిజానికి ఒక ఆడగుర్రమని తెలిసి కూడా, ఆ సంగతి ఆయనతో ఎన్నడూ అనకుండా ఉండే టాక్ట్ నాకుంది.'

రత్నాకర్ మర్నాడే మెచ్చుకున్నాడు. "ఏం ఇంగ్లిష్ మేడమ్ మీది! స్పెల్ చెక్‌ల ఒక్క ఎర్రగీత రాలే."

సన్మానం నాంపల్లిలో ఒక హాల్లో జరిగింది. శాలువాలు వచ్చినవాళ్ల కంటే ఎక్కువున్నాయి. ముఖ్య అతిథి సంచికను ఆవిష్కరించి, రంగు కాగితం విప్పి, ఫొటోగ్రాఫరు వైపు తిప్పి పట్టుకుని, తెరవకుండానే ఇది తరతరాలకు కరదీపిక అన్నాడు. తర్వాత సార్ మాట్లాడారు. మిస్ హార్‌బీ గురించే మాట్లాడారు.

"మొదటి సంపుటంలో ఆమె స్వేచ్ఛాజీవి. రెండో సంపుటంలో సమాజం ఆమెను ఏం చేసింది? నాలుగు గోడల మధ్య కట్టిపడేసింది. ఇంత తవుడు జావ పోసింది. ఇంకొకరు నడిపిస్తే తప్ప అడుగు వేయలేని స్థితి! ఆమె నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడదు, గమనించారా? రెండో సంపుటం మొత్తంలో ఒక్క సంభాషణ లేదు. ఆ మౌనమే ఆమె తిరుగుబాటు!"

హాలు దద్దరిల్లిపోయింది. నా ముందు వరసలో ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. స్త్రీవాద కోణం మీద తను ఒక పత్రం రాస్తానని ఇంకొకాయన లేచి ప్రకటించాడు. నేను సంచిక ఒళ్లో పెట్టుకుని, నా వాక్యం ఉన్న పేజీలో వేలు పెట్టుకుని కూచున్నాను. చుట్టూ అందరి ఒళ్లోనూ అదే సంచిక, అదే వాక్యం. ఒక్కరూ తెరవలేదు.

మర్నాడు పొద్దుటి బ్యాచ్ కాగానే నిఘంటువు తెరిచాను. మాట: టాక్ట్. అర్థం: ఇగురం. ఆధారం: అమరేశ్వరరావు గారి అభినందన సంచిక, నా వ్యాసం, పేజీ నంబరు, వాక్యం. పంపించాను. భయమేసింది, అబద్ధమెందుకు. చాయ్ వచ్చే లోపే పచ్చ రంగు వెలిగింది. కింద సార్ సొంత చేత్తో ఒక మాట: 'చూశావా అమ్మాయ్, ఆధారం ఉంటే నేను కాదంటానా?' తన సంచిక పేరూ పేజీ నంబరూ చూసి మురిసిపోయారు. వాక్యం ఆయన ఎప్పుడు చదివారు గనక!

పరుగున ఇంటికి పోయి ఫోన్ అమ్మ ముందు పెట్టాను. "అమ్మా, ఎక్కింది! నీ మాట ఎక్కింది. లోకమంతా చూడొచ్చు ఇగ."

అమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా నిమిరింది. "గిదేనా ఇగురం అంటే?" అంది. ఆమె మొహం వెలిగింది. "కింద గదేంది, అంత పొడుగున్నది?"

ఆధారం వాక్యం తెలుగులో చెప్పాను. రెండోసారి చెప్పించుకుంది. ఆమె మొహంలో వెలుగు పోయింది.

"ఇది ఇగురమా బిడ్డా?"

నేను ఫోన్ వెనక్కి తీసుకున్నాను.

"ఒక్కడున్నప్పుడు చెప్పుమన్న. నువ్వు బుక్కుల ఏసి ఊరందరికి పంచినవ్. పెద్దమనిషిని నవ్వులపాలు జేసి, గదాని పక్కకు నా మాట పెట్టినవా?"

"ఆయన నిన్ను ఏమన్నడో తెల్సా అమ్మా?"

"అంటే అన్నడు. పొయ్యి చెప్పు. ఈపారన్న మంచిగ చెప్పు."

"చెప్తే ఆ వాక్యం తీసేస్తడు. వాక్యం పోతే నీ మాట పోతది."

"పోతే పోనీయ్. నేనున్న గదా."

ఆమెతో వాదించి గెలిచినవాళ్లు లేరు. సాయంత్రం చిరాగ్ అలీ లేన్‌లో సార్ ఇంటి మెట్లెక్కాను. ఈసారి సార్ కూచోమన్నారు, చాయ్ కూడా తెప్పించారు. శాలువా ఇంకా కుర్చీ మీదే ఉంది. పాఠం ఒప్పజెప్పడానికి పోయిన పిల్లలా ఒక్కో మాట ఏరుకుని అన్నాను.

"సార్, రెండో సంపుటం మీ నోటితో మొదటి పేజీ నుంచి వినాలని ఉంది. ఒక్క పేజీ చదువుతారా?"

ఆయన సంతోషంగా బీరువా తెరిచారు. కళ్లద్దాలు సవరించుకుని గంభీరంగా మొదలుపెట్టారు. రెండో వాక్యానికి గొంతు తగ్గింది. నాలుగో వాక్యం మనసులో చదువుకున్నారు. పేజీలు తిప్పారు, బొమ్మ దగ్గర ఆగారు. చాలాసేపు ఆ గుర్రమూ ఆయనా ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్నాళ్లూ ఎదురు చూసిన దృశ్యమే, అయినా నాకు నవ్వు రాలేదు. ఆయన పుస్తకం మూసి మళ్లీ తెరవడం చూసి జాలేసింది.

"ఎవరెవరికి తెలుసు?" అన్నారు.

"మా అమ్మకు సార్. నలుగురిలో అనొద్దంది. కానీ నేను కోపంలో సంచికలో రాసేశాను. ఇంతవరకూ ఎవరూ చదవలేదు సార్." పేజీ నంబరు చెప్పాను. నన్ను క్షమించమనీ అన్నాను.

ఆయన సంచిక తీసి ఆ వాక్యం చదివారు. మూశారు. చెమట పట్టిన నుదురు శాలువాతోనే తుడుచుకుని, "సరే అమ్మా, నేను చూసుకుంటాను. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు" అన్నారు. ఆ నమస్కారానికి నేను కరిగిపోయాను. గన్‌ఫౌండ్రీ మీదుగా నడుస్తూ, అమ్మ చెప్పిందే నిజం, ఇగురంగా చెబితే ఎవరైనా వింటారు అనుకున్నాను. పాపం, ఇప్పుడు ఆ తవుడూ కంబళీ అన్నీ ఒక్కొక్కటే దిద్దుకోవాలి కదా, పక్కన కూచుని సాయం చేద్దామని కూడా అనుకున్నాను.

ఇంటికి చేరి నిఘంటువు తెరిచాను. సార్ నిజంగానే చూసుకున్నారు. 'టాక్ట్' కింద నా వాక్యం లేదు. ఇగురమూ లేదు. 'ఆధారం సందేహాస్పదం. తొలగించడమైనది' అని ఉంది. నా పేరు పరిశీలకుల జాబితాలోంచి పోయింది. మిగిలిన సంచికలన్నీ గురువుగారు తనే పంచుతానని ఆటోలో ఇంటికి తెప్పించుకున్నారని రత్నాకర్ ఫోన్‌లో ఎంతో భక్తిగా చెప్పాడు. 'తవుడు' తీశాను. మిస్ హార్‌బీ గోరువెచ్చని జావ తాగుతూనే ఉంది. 'కంబళి' తీశాను. వీపున కప్పుకుని నడుస్తూనే ఉంది. ఒక్క అక్షరం కదల్లేదు.

"ఏమన్నడు?" అంది అమ్మ వంటగదిలోంచి.

"నమస్కారం చెప్పిండు నీకు. నీ మాట తీసేసిండు."

"గుర్రం?"

"గుర్రం ఉంది."

గంటె చప్పుడు ఆగింది. అమ్మ గుమ్మంలోకి వచ్చి, నడుం మీద చేయి వేసుకుని, అన్నాళ్లూ పెద్దమనిషి పెద్దమనిషి అన్న నోటితోనే, చిరాగ్ అలీ లేన్ దాకా వినపడేలా అంది.

"ఇగురం లేని మనిషి!"

ఈ వాక్యానికి పేజీ నంబరు లేదు.